సిలోన్‌లో చాలన్నందుకు

రాయప్ప పోయాడన్న కబురు నాకు చేరేసరికే భూస్థాపన అయిపోయింది. కడసారి చూపు ఎలాగూ దక్కలేదు, కనీసం అతని ఆత్మశాంతికి పెట్టించిన పూజకైనా వెళ్దామని బెజవాడలో పొద్దున్నే బస్సెక్కి తిరువూరులో దిగాను. చర్చిలో పూజ అయ్యాక పక్కనే షామియానా కింద భోజనాలు. మా రోజుల్లోలాగా బంతి భోజనాలు కావు. బల్లల మీద వరసగా మూతలున్న స్టీలు పాత్రలు, వాటి వెనక తెల్ల టోపీలు పెట్టుకున్న కేటరింగు మనుషులు. కంచం పట్టుకుని మనమే ముందుకు నడవాలి. బిర్యానీ దగ్గర ఒకతను ఒక గరిటె వేశాడు. నేను అలవాటు కొద్దీ "చాలు బాబూ" అన్నాను. అతను మర్యాదగా "సరే సార్" అని నా వెనకాయన వైపు తిరిగాడు. అందులో అతని తప్పేమీ లేదు, చాలన్నవాడికి చాలన్నంతే పెట్టాడు. కాని నాకు చాలలేదు. ఆ కంచంతో ఖాళీ కుర్చీ వెతుక్కుంటుంటే, ఇన్నేళ్ళుగా ఇంట్లో తప్ప ఎవరికీ సరిగ్గా చెప్పని సిలోన్ ఆకలి మళ్ళీ వచ్చి కడుపులో కూర్చుంది.

మా బడి ఫుట్‌బాల్ జట్టు సిలోన్ వెళ్ళి ఆడి వచ్చిందంటే ఇప్పుడు మా ఊళ్ళోనే నమ్మరు. ఆ దేశానికి అప్పటికే పేరు మారిందని తర్వాత తెలిసింది కాని, మాకది సిలోనే, రేడియోలోంచి పాటలొచ్చే చోటు. మా మిషన్ హాస్టలు చూసే ఫాదర్‌గారికి ఫుట్‌బాల్ పిచ్చి. ఆయనతో కలిసి చదువుకున్న ఇంకో ఫాదర్ కొలంబోలో బడి నడుపుతూ, చర్చి బడుల పిల్లలకి పోటీలు పెడుతున్నాను, నీ పిల్లల్ని కూడా పట్టుకురమ్మన్నారట. మేం ఆట నేర్చుకున్నది నల్లరేగడి మీద. వానాకాలం ఆ మట్టి కాలు పట్టుకుని వదలదు, ఎండాకాలం నెర్రెలు విచ్చి బంతిని ఎటు పంపుతుందో దానికే తెలియదు. అక్కడ గోలు కాసినవాడు ఎక్కడైనా కాయగలడని మా డ్రిల్లు మాస్టారు ఇన్నయ్యగారు నన్ను చూపించి అనేవారు. కెప్టెను రాయప్ప. వాళ్ళ నాన్న రెడ్డిగూడెం మామిడితోటల్లో కాపలా ఉండేవాడు, ఆ తోటల్లో కోతుల్ని అదిలించీ అదిలించీ రాయప్పకి అంత గొంతు వచ్చిందని మేం ఏడిపించేవాళ్ళం. అతని వెనకే చిన్నప్ప, మాట తక్కువ, పరుగు ఎక్కువ. హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే చాప.

మా ఇంట్లో భోజనం సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ దగ్గర ఆ సామెత చెల్లదు. గంపలగూడెం నుంచి కాపురానికి వస్తూ ఆవిడ తెచ్చుకున్న ఆస్తల్లా ఒక పెద్ద ఇత్తడి గరిటె, ఇంకా దాన్ని తిప్పే చెయ్యి. సాయంత్రం పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా జపమాల మొదలయ్యేది. చింతపండు వాసనా, కిరోసిన్ దీపం వాసనా, అరుగు మీద నాయనమ్మ ఆర్పి పెట్టుకున్న చుట్ట వాసనా కలిసిపోయి, ఇప్పటికీ నాకు మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం అంటే ఆ వాసనే. జపమాల చివర పోయినవాళ్ళ కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, ప్రయాణంలో ఉన్నవాళ్ళ కోసం పేరుపేరునా ఒక్కో పరలోక జపం, అదే 'పరలోకమందున్న మా తండ్రీ' అనేది, చెప్పేది అమ్మ. ఆ పేర్లు అయ్యేలోపు మా ఆకలి నకనకలాడిపోయేది. తర్వాత పీటలు వాల్చి వడ్డన. మొదటిసారి చాలంటే అమ్మకి వినపడదు. రెండోసారి చాలంటే "ఏం చాలు, పిచ్చిక తిండి" అని ఇంకో గరిటె. మూడోసారి కంచానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు కారేది. తినేవాడు చాలనడమూ, పెట్టేవాళ్ళు కొసరడమూ రెండూ మర్యాదే. నిజంగా ఎంత చాలుతుందో తేల్చేది మాత్రం పెట్టేవాళ్ళ కన్ను.

బంతి భోజనాల్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవడూ తనకు కావాలని నోరు విప్పి అడగకూడదు. కాని పక్కవాడికి అడగొచ్చు. "ఇదిగో, ఈయనకి కూర వెయ్యండి" అని మనం అంటే, ఆ పక్కాయన "ముందు వారికి వెయ్యండి" అంటాడు. ఇద్దరికీ పడుతుంది, ఇద్దరి పరువూ నిలబడుతుంది. పెళ్ళిళ్ళలో చివరిదాకా అలా ఒకడికొకడు అడుక్కుంటూ వరస వరసంతా కడుపునిండా తిని లేచేది. ఒక్కడు కూడా తనకోసం అడిగినట్టుండేది కాదు. ఇదంతా ఎవరూ నేర్పలేదు, అందరికీ తెలుసంతే. లోకమంతా ఇలాగే తింటుందని నేను అనుకున్నాను.

ప్రయాణం ఖాయమయ్యాక మా నాన్న నాకు ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన మిషన్ బడిలో చిన్న తరగతుల మాస్టారు. వచ్చిన నాలుగు ముక్కల్లో "నో, థాంక్యూ, మేడమ్" అన్న ముక్కని అచ్చు దొరల ఉచ్చారణలో చెప్పేవరకూ నన్ను వదల్లేదు. అమ్మ మాత్రం డాల్డా డబ్బాలో సున్నుండలు సర్దుతూ ఒకే మాట చెప్పింది. "పరాయి ఇళ్ళల్లో పెడితే చాలండీ అనాలి. నోరు తెరిచి అడిగావంటే, వీడి తల్లి వీడికి తిండి పెట్టిందా లేదా అనుకుంటారు. నా పరువు నీ చేతుల్లో ఉంది." ఆ పరువు ఎంత బరువో అప్పటికి నాకు తెలియదు. సున్నుండలు మాత్రం రామేశ్వరం చేరకముందే రైల్లో అందరం కలిసి తినేశాం. పాంబన్ వంతెన మీద కిటికీలోంచి కింద నీళ్ళు తప్ప ఏమీ కనపడకపోతే చిన్నప్ప కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఓడలో అందరికంటే ముందు వాంతి చేసుకున్నది మాత్రం ఇన్నయ్య మాస్టారు. ఈల మెడలోనే వేలాడుతోంది కాని ఊదే ఓపిక ఆయనకి లేకపోయింది.

కొలంబోలో మమ్మల్ని బడిలో కాకుండా ఆ చర్చికి వచ్చేవాళ్ళ ఇళ్ళల్లో ఉంచారు. చర్చి ముందు వరసగా నిలబెట్టి పేర్లు పిలుస్తుంటే ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవారు. ఇంటికి ఇద్దరు. రాయప్ప, చిన్నప్ప ఒక రైల్వే దొరగారింటికి వెళ్ళారు. మేం బేసి లెక్క. చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. తెల్ల గౌను వేసుకున్న ఒక పెద్దావిడ గొడుగు మడుస్తూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడ ఇంట్లో ఎక్కువగా ఉన్నది ఒకటే మంచం. పేరు మిస్ ఎడిత్. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలకి పియానో నేర్పుతూ ఒక్కతే ఉండేది. మొహం మాత్రం మన నాయనమ్మల మొహమే, కొంచెం పౌడరు రాస్తే. నా సంచి తనే పట్టుకోబోయింది. నేను నాన్న నేర్పిన ముక్క మొదటిసారి అక్కడ వాడాను.

ఆ ఇల్లు చాలా శుభ్రంగా, చాలా నిశ్శబ్దంగా ఉండేది. ఎర్ర గచ్చు మీద మైనం రుద్దిన వాసన, పెరట్లో కొబ్బరిపీచు నానిన వాసన, ఆవిడ నడిచిన చోటల్లా పౌడరు వాసన. తెల్లవారకముందే లేచి గోడ గడియారానికి కీ ఇచ్చేది. కొమ్ము పొడుగ్గా ఉన్న కెటిల్‌తో క్రోటన్ కుండీలకి నీళ్ళు పోసేది. రొట్టెని సన్నగా, ఒకేలాగా, పుస్తకంలో పేజీల్లా కోసేది. తను ఒక్కతే తినే రోజుల్లో కూడా అంతే పద్ధతిగా బల్ల మీద గుడ్డ పరిచి, చెంచాలూ ఫోర్కులూ పేర్చుకునేదని ఆ గుడ్డ మడతలు చూస్తే తెలిసేది. భోజనం ముందు ఆవిడ సిలువ గుర్తు వేసుకుంది, నేనూ వేసుకున్నాను. మా ఇద్దరికీ తెలిసిన భాష ఆ ఒక్కటే, అది కూడా ఒక్క క్షణంలో అయిపోయేది.

మధ్యలో తెల్ల పింగాణీ గిన్నె, దానికో మూత. దాన్లోంచి ఆవిడ నా పళ్ళెంలో రెండు చెంచాల అన్నం పెట్టింది. ముద్దకి సరిపోయేంత. పక్కన కొబ్బరిపాల చేపల కూర కొంచెం. మా ఇంట్లో అది పిల్లికి పెట్టే పాటి. అది అయ్యాక ఆవిడ గిన్నె వైపు చూసి, కనుబొమలెత్తి, ఇంకా కావాలా అన్నట్టు అడిగింది. నేను నిటారుగా కూర్చుని "నో, థాంక్యూ, మేడమ్" అన్నాను. ఎంత బాగా అన్నానంటే ఆవిడ నమ్మేసింది. మూత పెట్టేసింది. నేను రెండోసారి అడగడం కోసం చూస్తూ కూర్చున్నాను. రెండోసారి అడగలేదు. ఆవిడ లేచి గిన్నె లోపలికి తీసుకుపోయింది. పొద్దున రొట్టె దగ్గరా అదే, రాత్రి సూపు దగ్గరా అదే. ప్రతిపూటా ఇవాళైనా రెండోసారి అడుగుతుందని ఆశపడటం, మూత పడిన చప్పుడు వినడం.

ఆకలి ఒక్కటే అయితే కుర్రతనంలో ఓర్చుకోవచ్చు. ఆ ఇంట్లో నాకు మాట కూడా దొరికేది కాదు. సాయంత్రాలు ఎవరో ఒకరి పిల్ల వచ్చి పియానో ముందు కూర్చునేది. అవే మెట్లు, ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం. మణికట్టు వాలిపోతే మిస్ ఎడిత్ రెండు వేళ్ళతో దాన్ని పైకెత్తి పట్టుకునేది. నేను పక్కగదిలో మంచం మీద కూర్చుని, మా ఇంట్లో ఈపాటికి జపమాల ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో లెక్కగట్టుకునేవాణ్ణి. నేనెప్పుడూ గదిలో ఒక్కణ్ణే పడుకుని ఎరగను. తెలుగు మర్చిపోతానేమోనని భయం వేసి, దోమతెరలో కూర్చుని గోడకేసి మా ఊరి బస్సు కండక్టరు అరిచే ఊళ్ళ పేర్లు మెల్లగా పైకి చెప్పుకున్నాను. గంపలగూడెం, నెమలి అనుకుంటూ ఉండగా ఏడుపొచ్చింది. నెమలి దగ్గరకొచ్చేసరికి బస్సులో ఎవరో ఒకరు మనకి తిరునాళ్ళ జీళ్ళో, అరటిపళ్ళో చేతిలో పెట్టేవాళ్ళు. మనం ఎవరమో కూడా అడిగేవాళ్ళు కాదు.

మొదటి మ్యాచి ఎలాగో నెగ్గాం. రాయప్ప రెండు గోల్స్ కొట్టాడు, నా దాకా బంతి పెద్దగా రాలేదు. మర్నాడు మైదానం దగ్గర అందరూ ఎవరింట్లో ఏం తిన్నారో చెప్పుకుంటున్నారు. నేను నవ్వుతూ వింటున్నాను కాని రాయప్ప కళ్ళు కప్పలేకపోయాను. పక్కకి లాగి అడిగితే చెప్పాను. అతను నవ్వలేదు. "మేమున్న ఇంట్లోనూ అంతేరా, ఒకసారి వద్దంటే మళ్ళీ అడగరు. కాకపోతే నేను చిన్నప్పకి పెట్టమంటాను, వాడు నాకు పెట్టమంటాడు. నీకెవరున్నార్రా అక్కడ?" అన్నాడు. మాస్టారితో చెప్తానన్నాడు రాయప్ప. వద్దని ఒట్టు పెట్టించుకున్నాను. తిరువూరు నుంచి వచ్చినవాడు తిండి చాలలేదన్నాడని ఆవిడకి తెలిస్తే అమ్మ పరువు సముద్రంలో కలిసినట్టే. ఆ రోజు నుంచి రాయప్ప జేబులో ఒక అరటిపండు తెచ్చి నా చేతిలో కుక్కేవాడు. తన వాటాలోదే అయ్యుంటుంది.

అరటిపండుతో ఎంతసేపు ఎగరగలం? రెండో మ్యాచిలో ఎండ నెత్తిమీద ఉంది. పైనుంచి ఒక బంతి మెల్లగా దిగుతోంది. మా ఊళ్ళో అలాంటిది కళ్ళు మూసుకుని పట్టేవాణ్ణి. చేతులెత్తాను, కళ్ళ ముందు నల్లటి తెర ఒకటి జారింది. తెర తొలగేసరికి బంతి నా వెనక వలలో ఉంది. ఆ మ్యాచి పోలేదు కాని పోవాల్సిందే, చిన్నప్ప పరుగు వల్ల సరిసమానం చేసి బయటపడ్డాం. ఇన్నయ్య మాస్టారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఏమైందిరా నీకు? ఇల్లు గుర్తొస్తోందా?" అని అడిగారు. ఏం లేదు సార్ అన్నాను. ఆయన ఈల తాడు వేలికి చుట్టుకుంటూ, సెమీఫైనల్లో మా రెండో గోలీ అంతోని కాస్తాడని, నన్ను విశ్రాంతి తీసుకోమని చెప్పారు. అంతోని మంచివాడే కాని బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటాడు. ఇంత దూరం వచ్చింది ఆడటానికి. అది కూడా పోతే ఇంక ఆ ఊళ్ళో నేనెందుకున్నట్టు? ఆకలేస్తోందని ఒక్క మాటంటే నా చోటు నాకుంటుంది. ఆ మాట అమ్మ పరువుకి అవతల ఉంది.

సెమీఫైనల్‌కి ముందు ఆదివారం వచ్చింది. పూజ అయ్యాక చర్చి హాల్లో అన్ని జట్లకీ, ఇళ్ళల్లో పెట్టుకున్నవాళ్ళకీ కలిపి విందు. పొడుగాటి బల్లలకి ఒకవైపు మేం, ఎదురుగా మా ఇళ్ళవాళ్ళు. మిస్ ఎడిత్ సరిగ్గా నా ఎదురుగానే కూర్చుంది. ఇన్నయ్య మాస్టారు వడ్డన చూస్తూ కూర్చోలేని మనిషి. హాస్టల్లో కూడా అంతే, వంటమనిషి చేతిలోంచి బకెట్టు లాక్కునేవారు. ఆ రోజు కూడా కాసేపు ఓర్చుకుని, చివరికి లేచి పైపంచె నడుముకి బిగించి, అన్నం బేసిను చంకన పెట్టుకుని మా వరస మొదట్నుంచి బయల్దేరారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదు కదా. "చాలు సార్" అన్నాడు రాయప్ప. వేశారు. "చాలు సార్, చాలు" అంటూ చిన్నప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. చేతి మీద నుంచే వేశారు. రాయప్ప "శౌరికి వెయ్యండి సార్" అని నన్ను చూపించాడు. నేను వద్దన్నాను, చాలన్నాను, రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఆయన నా పళ్ళెంలో గుట్ట పోశారు. ఆ గుట్టని నేను తలెత్తకుండా మెతుకు మిగలకుండా తిన్నాను. మళ్ళీ వచ్చారు. మళ్ళీ చాలన్నాను, మళ్ళీ తిన్నాను. ఎప్పుడో ఊపిరి తీసుకోవడానికి తలెత్తితే, మిస్ ఎడిత్ తినడం ఆపి చూస్తోంది. ఒకసారి నా చేతుల్ని, ఒకసారి నా ఖాళీ పళ్ళేన్ని, ఒకసారి మా వరసలో చాలు చాలంటూ తింటున్న అందర్నీ చూసింది. ఆవిడ మొహంలో రంగు తగ్గిపోయింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అయిపోయింది, అమ్మ పరువు పోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం పియానో పిల్లలెవరూ రాలేదు. బల్ల మీద ఎప్పటిలాగే గుడ్డ, గిన్నె, మూత. రెండు చెంచాలు పెట్టింది, తిన్నాను. కనుబొమలెత్తింది. "నో, థాంక్యూ, మేడమ్" అన్నాను. ఆవిడ మూత పెట్టలేదు. గిన్నె పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి నా కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. ఒక చెంచా వేసింది. మళ్ళీ వద్దన్నాను. ఇంకో చెంచా వేసింది. అప్పుడు నేను పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టాను. మా అమ్మ దగ్గర పెట్టినట్టే పెట్టాను, అలవాటు అది. మిస్ ఎడిత్ రెండు వేళ్ళతో నా మణికట్టు పట్టుకుని, పియానో దగ్గర పిల్లల చెయ్యి ఎత్తినట్టే మెల్లగా పైకెత్తి, పక్కన పెట్టింది. ఆ ఖాళీలో ఇంకో చెంచా వేసింది. తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. నేను తింటుంటే కన్నీళ్ళు కూరలో పడ్డాయి, ఆవిడ చూడనట్టు కిటికీకేసి చూసింది. ఇల్లు వదిలాక మొదటిసారి నేనక్కడ ఉన్నట్టు ఎవరికో తెలిసిందనిపించింది.

సెమీఫైనల్ రోజు పొద్దున ప్రాక్టీసులో నా ఎగురుడు చూసి మాస్టారు అంతోనిని చూశారు, అంతోని ఆనందంగా చేతి తొడుగులు విప్పి నాకిచ్చేశాడు. బూట్లేసుకున్న కొలంబో పిల్లలతో వట్టి కాళ్ళతో ఆడాం. ఆ రోజు నన్ను దాటి బంతి పోలేదు. వాళ్ళ గోలీని దాటి కూడా మాది పోలేదు. చివరికి ఆ రోజుల పద్ధతి ప్రకారం నాణెం ఎగరేశారు. రాయప్ప బొమ్మ అన్నాడు, బొరుసు పడింది. అంతే, మా సిలోన్ అయిపోయింది. ఆ తర్వాత బతికినంతకాలం రాయప్పని మేం బొరుసుగారూ అనే పిలిచాం. ఓడరేవుకి రైలెక్కే రోజు మిస్ ఎడిత్ స్టేషన్‌దాకా వచ్చింది. నా నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోకి ఆవిడ ఒక్కతే వెళ్ళి, ఒక్కతే బల్ల మీద గుడ్డ పరుచుకుంటుందన్న సంగతి నాకు రైలు కదిలాక తట్టింది.

ఇంటికొచ్చాక ఊరంతా ఓడ గురించి అడిగింది. అమ్మ మాత్రం నా మెడ ఎముకలు చూసి, ఏం పెట్టారని అడిగింది. జరిగింది చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. "నేను చాలనమన్నది మర్యాదకిరా, కడుపు మాడ్చుకోమని కాదు" అంది. ఆ సాయంత్రం జపమాల చివర పేర్లలో కొత్తది ఒకటి వచ్చింది. మా అబ్బాయికి అన్నం పెట్టిన సిలోన్ దొరసానమ్మ కోసం ఒక పరలోక జపం. ఆవిడ అసలు పేరు అమ్మకి నోరు తిరగలేదు, దేవుడికి తెలుసులే అనేది. అమ్మ బతికున్నంతకాలం ఆ జపం ఆగలేదు. ఆ దొరసానమ్మ బతికుందో పోయిందో తెలియక, అమ్మ ఆవిణ్ణి చివరిదాకా బతికున్నవాళ్ళ జాబితాలోనే ఉంచింది.

పెద్దయ్యాక ఎక్కడో చదివితే తెలిసింది, మేం వెళ్ళిన ఆ రోజుల్లో ఆ దేశంలో బియ్యానికీ రొట్టెకీ కూడా కటకటే. జనం తెల్లవారుజామునే వరసల్లో నిలబడేవాళ్ళట. అప్పుడు గుర్తుచేసుకుంటే, ఆ ఆదివారం తర్వాత ఆవిడ పళ్ళెంలో ఏముందో నేను చూసిన గుర్తే లేదు. నా పళ్ళెం నిండుతుంటే నేను దాన్నే చూశాను. ఆ కొసరు ఎవరి ముద్దలోంచి వచ్చిందో ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. ఈ సంగతి మా ఆవిడకి చెప్తే, అదేంటోగాని ఆ రోజు నుంచి మా అమ్మకంటే ఎక్కువ కొసరడం మొదలుపెట్టింది. మా ఆవిడ పోయాక అమ్మాయి దగ్గర ఉంటున్నాను. గిన్నెలన్నీ బల్ల మీద ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. "ఇంకొంచెం వేసుకోండి నాన్నా" అంటుంది అమ్మాయి. చాలమ్మా అంటాను. సరే అంటుంది. అది వాళ్ళ మర్యాద. నా మాటకి విలువిచ్చి, నా షుగరు గుర్తుంచుకుని, నన్ను బలవంతపెట్టకుండా ప్రేమగా చూసుకుంటున్నారు. ఫిర్యాదు చేస్తే కళ్ళు పోతాయి. కాని చాలన్న ప్రతిసారీ ఇప్పటికీ నాలో ఒకడు మూత చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు.

ఆ రోజు షామియానా కింద నాకు దొరికిన ఖాళీ కుర్చీ చిన్నప్ప పక్కన. జట్టులో మేమిద్దరమే వచ్చాం. మిగతావాళ్ళలో చాలామంది రాలేని చోటికి వెళ్ళిపోయారు. అతనికి చెవులు సరిగ్గా వినపడవు, నడుము వంగింది, పరుగు మాత్రం ఇంకా కళ్ళల్లో ఉంది. అతని కంచం అప్పటికే ఖాళీ అయింది. కేటరింగు మనిషి ఒకతను పాత్ర పట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతూ చిన్నప్ప దగ్గర ఆగాడు. చాలన్నాడు చిన్నప్ప. అతను వెళ్ళబోయాడు. చిన్నప్ప అలవాటుగా తనకి ఎడంపక్కకి తిరిగాడు. ఆ పక్క కుర్చీలో ఎవరో ఊరివాళ్ళ పిల్ల కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఇన్నేళ్ళూ ఏ విందులోనైనా ఆ పక్కన కూర్చుని "చిన్నప్పకి వెయ్యండి" అని అరిచే గొంతు ఇవాళ చర్చి వెనక మట్టిలో ఉంది. చిన్నప్ప మళ్ళీ కంచంలోకి తల దించుకున్నాడు. అతని మొహం చూసి నాకు ఒక తెల్ల పింగాణీ గిన్నె కనపడింది.

"బాబూ, ఈయనకి ఇంకొంచెం వెయ్యి" అన్నాను. ఆయన వద్దన్నారండి అన్నాడతను. నేను లేచి, నా కంచం కుర్చీలో పెట్టి, అతని చేతిలో గరిటె తీసుకున్నాను. చిన్నప్ప నన్ను చూసి, కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుని మెల్లగా పైకెత్తి పక్కన పెట్టి, వేశాను. అతను తలెత్తకుండానే కేటరింగు మనిషితో, "మా గోలీక్కూడా వెయ్యి బాబూ" అన్నాడు. నేను గరిటె అతనికిచ్చి, నా కంచం తీసుకుని, చాలు చాలంటూ కూర్చున్నాను. చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.